పొట్టి సూదులు

నవంబరు 19

రాదుల్ తుపాకీ ఇవాళ వెళ్లిపోయింది. అతనే వచ్చి తీసుకువెళ్లాడు. ఉన్ని దుప్పటిలో చుట్టి, పసిబిడ్డను మోసినట్టు రెండు చేతుల మీద పట్టుకుని, మా సెటిన్యే ఊరి వానలో కారు దాకా మెల్లగా నడిచాడు. తను తడిశాడు, దుప్పటిని తడవనివ్వలేదు.

వేసవి చివర తెచ్చినప్పుడు అది తుపాకీలా లేదు. పైన రెండు సుత్తులున్న జంట గొట్టాల పాత వేట తుపాకీ, అతని తాతది. గొర్రెల కొట్టంలో గడ్డి కింద ఏళ్ల తరబడి పడివుంది. అక్రోటు కర్ర పిడి నిలువునా చీలింది. గొట్టాల మీద తుప్పు చెట్టు బెరడులా పొరలు లేచింది. ఆ పొరలు వలిచాను. మళ్లీ నేనే సన్నటి తుప్పు పట్టించి, మరిగే నీళ్లలో ముంచి, గీకి, మళ్లీ పట్టించాను. తుప్పుతోనే తుప్పును జయించడం ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టం. చివరికి ఉక్కులో దాగిన అలలు పైకి తేలాయి. ఇనుమునూ ఉక్కునూ జడలా మెలివేసి చుట్టిన గొట్టాలవి. ఇప్పుడలా ఎవరూ చేయరు.

రాదుల్ దాన్ని చేతిలోకి తీసుకుని గొట్టాల మీది అలలను వేలితో తడిమాడు. తర్వాత అన్నాడు.

"మేస్త్రీ, మా తాత లేచొచ్చి చూస్తే ఇది నాది కాదు పొమ్మంటాడు."

"ఆయన గుర్తుపట్టేలాగే చేశాను."

"ఆయనకింత అందం ఎక్కడిది? ముక్కు వంకర, ఒక కన్ను మెల్ల. మీరు పెళ్లికూతుర్ని చేసి ఇచ్చారు."

పైకి పెళ్లికూతురే. లోపల గొట్టాల గోడను తుప్పు తినేసింది. ఎడమ గొట్టంలో ఒకచోట మిగిలిన మందం నా గోరు కంటే ఎక్కువ ఉండదు. ఈ కాలపు తూటా అందులో పేలితే గొట్టం విచ్చుకుంటుంది, గొట్టం కింద పట్టుకున్న చెయ్యి ఉండదు.

అందుకే సూదులు. ఎప్పటిలాగే అతను అడగలేదు, నేను చెప్పలేదు. ఈ కొండల్లో అడగరు, చెప్పరు. ఇంటి గోడ మీది తుపాకీ పేలదని అనడమూ ఆ ఇంట్లో మగవాడు లేడని అనడమూ ఒకటే. కనుక పైకి గీత పడకుండా, తూటా వెనక తగిలే రెండు సూదులనూ తీసి వాటి చోట పొట్టివి అమరుస్తాను. సుత్తి లేస్తుంది, పడుతుంది, టక్కుమంటుంది. సూది తూటాను అందుకోదు. తీసిన సూదులను ఆ రోజే సానచక్రం మీద పొడి చేస్తాను. మా నాన్న కూడా అంతే చేసేవాడు. ఎవరి పరువూ పోదు, ఎవరి చెయ్యీ పోదు.

నవంబరు 24

వాన. పని తక్కువ. సొరుగులు సర్దుకోవాలి.

నవంబరు 27

సర్దుతుంటే అరల పెట్టె వెనక గుడ్డముక్కలో ఒక జత పొట్టి సూదులు కనిపించాయి.

రాదుల్ తుపాకీవే. సందేహం లేదు. ఆ తుపాకీలో ఎడమ వైపు రంధ్రం అరిగిపోయింది కాబట్టి ఎడమ సూదిని కుడిదాని కంటే వెంట్రుకంత లావుగా చేశాను. మరే తుపాకీకీ అలా చేయలేదు. కొలిచి చూశాను. ఎడమది లావుగా ఉంది.

ఇవి ఇక్కడ ఉంటే అందులో ఏమున్నాయి?

రెండు జతలు చేసి ఉంటాను. మొదటిది నచ్చకపోతే రెండోది చేయడం నా అలవాటే. మొదటిదాన్ని పారేయకుండా గుడ్డలో చుట్టి పెట్టడమూ అలవాటే.

పాత సూదులను పొడి చేసినట్టు బాగా గుర్తుంది. చక్రం మీంచి నిప్పురవ్వలు, ఆ వాసన, అన్నీ గుర్తున్నాయి. అయితే అది ముప్పై ఏళ్లుగా ప్రతి తుపాకీ గురించీ ఉన్న జ్ఞాపకమే. ఏ రవ్వలు ఏ తుపాకీవో జ్ఞాపకంలో రాసి ఉండదు.

రెండు జతలు చేశాను.

నవంబరు 28

క్రిస్మస్ ఉపవాసాలు ఇవాళ మొదలు. స్టానా చిక్కుడు గింజలు వండింది.

"ఏమయ్యా, తింటున్నావా, లెక్కపెడుతున్నావా?"

తింటున్నానన్నాను.

"నోట్లో పెట్టుకున్నది మింగాలని కూడా నేనే చెప్పాలా?"

నలభై ఏళ్ల కాపురంలో ఆమెకు చెప్పకుండా దాచింది ఏదీ నిలవలేదు. అయినా ఇవాళ చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదు కూడా. అదనంగా ఒక జత సూదులు దొరికాయి, అంతే. రాదుల్ దాన్ని గోడకు పెట్టడానికే చేయించుకున్నాడు. గోడ మీద ఉన్నంతకాలం లోపల పొడుగువి ఉన్నా, పొట్టివి ఉన్నా ఒకటే.

డిసెంబరు 2

రాదుల్‌కు ఫోను చేశాను. బుద్వాలో ఏదో హోటలు కడుతున్నాడు. వెనక కాంక్రీటు యంత్రం రొద.

"తుపాకీ ఎలా ఉంది?" అని అడిగాను.

"ఎలా ఉంటుంది మేస్త్రీ, నాకంటే బాగుంది! వచ్చినవాడల్లా ముందు దానికే దండం పెడుతున్నాడు, తర్వాతే నాకు."

"గోడ మీదే ఉంది కదా?"

"గోడ మీదే. పొయ్యి పైన."

"ఎవరూ దించడం లేదు కదా?"

"ఎవరు దించుతారు? జనవరి ఆరున నేనే దించుతా. దుంగలు లోపలికి తెచ్చేటప్పుడు పేల్చాలి కదా! ఈసారి తాతదే పేలుస్తానని అమ్మకు మాటిచ్చాను."

మా క్రిస్మస్ జనవరి ఏడున. ముందు సాయంత్రం ఓక్ దుంగలు ఇంట్లోకి తెచ్చేటప్పుడు మా కొండల్లో తుపాకీ పేల్చని ఇల్లు ఉండదు. అందుకు ఎవరూ గోడ మీది తుపాకీని దించరు. ముప్పై ఏళ్లలో ఒక్కరూ దించలేదు. గోడది గోడకే అని అందరికీ తెలుసు. రాదుల్‌కు తెలియదు. పదిహేనో ఏట కొండ దిగి కోస్తాకు వెళ్లి అక్కడే పెరిగిన మనిషి. బాగు చేయడమంటే బాగు చేయడమనే అనుకున్నాడు.

"పాత తుపాకీ కదా రాదుల్," అన్నాను.

"పాతదేంటి, మీరు కొత్తది చేసి ఇచ్చారుగా!" అని నవ్వి, ఎవరినో తిడుతూ ఫోను పెట్టేశాడు.

డిసెంబరు 3

ఇవాళ స్టానాకు అంతా చెప్పాను. నిన్న రాదుల్‌ను హెచ్చరించానని కూడా చెప్పాను.

"ఏమని హెచ్చరించావు?"

"పాత తుపాకీ కదా అన్నాను."

"అది హెచ్చరికా? 'బయట చలిగా ఉంది కదా' అన్నట్టుంది. మళ్లీ ఫోను చేసి, అది పేల్చొద్దు, చెయ్యి పోతుంది అని చెప్పు."

"అలా చెబితే, మీ తాత తుపాకీని నిన్ను అడగకుండా చంపాలనుకున్నాను, అది కూడా సరిగ్గా చేశానో లేదో తెలియదు అని చెప్పినట్టే."

"అవును. అదే చెప్పు."

ఆమెకు సులువే. ఆమె ఎవరి తుపాకీనీ ముట్టుకోలేదు.

డిసెంబరు 9

రెండు జతలు చేశాను.

డిసెంబరు 13

చేవో అనే ఊరు దాటి పైకి, రాదుల్ ఊరికి వెళ్లాను. నూనె రాసే నెపంతో తుపాకీని దించి, పిడి విప్పి, ఒక్క చూపు చూస్తే చాలనుకున్నాను. రాదుల్ శనివారం ఇంట్లో ఉంటాడనుకున్నాను. లేడు. తల్లి ఇకోనియా ఉంది. నల్లబట్టల్లో, నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. గుమ్మంలో నిలబడి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఎవరయ్యా నువ్వు? వానను తెచ్చినవాడివా, వానకు భయపడి వచ్చినవాడివా?"

"నా పేరు వుకోటా అక్కా. తుపాకీ బాగు చేసినవాణ్ణి."

"మేస్త్రీవి నువ్వేనా? అంత పని చేసినవాడు ఆరడుగులుంటాడనుకున్నా. రా, ఆ కోటు పొయ్యి దగ్గర ఆరేసుకో. తడిసిన కోడిలా ఉన్నావు."

పొగబెట్టిన సరస్సు చేపలు, ఎండు అంజూరాలు, సారా పెట్టింది. తుపాకీ పొయ్యి పైన ఉంది. ఆ గోడకు దానికంటే మంచి వస్తువు లేదు. మంట వెలుగులో గొట్టాల మీది అలలు కదులుతున్నట్టున్నాయి. నా పని నాకే అంత అందంగా ఎప్పుడూ కనిపించలేదు.

"ఒకసారి దించి నూనె రాస్తానక్కా."

"చూడు, కళ్లతో ఎంతసేపైనా చూడు. దించేది మాత్రం రాదుల్. ఇంటి మగవాడు లేనప్పుడు గోడ మీది తుపాకీ దిగితే ఊళ్లో ఏమనుకుంటారో నీకు నేను చెప్పాలా? ఈ ఇంట్లో ఒకసారి అనుకున్నది చాలు."

అప్పుడు చిన్నకొడుకు సంగతి చెప్పింది. బ్లగోటా. మూడేళ్ల కిందట, శీతాకాలంలో, మంచు గడ్డకట్టిన మలుపులో లారీ లోయలోకి జారింది.

"అప్పట్నుంచి పండక్కి ఈ ఇల్లు నోరెత్తలేదు. ఎదురు కొండ మీద వాళ్లు పేలుస్తారు, కింద చర్చి పక్కవాళ్లు పేలుస్తారు, తర్వాత మా వంతు. మా వంతు దగ్గర ఏమీ ఉండదు. ఊడిన పన్ను చోటు లేదూ, నాలుక పదేపదే అక్కడికే పోతుందే, అలా ఉంటుంది. మొదటి ఏడు చెవుల్లో దూది పెట్టుకున్నాను. రెండో ఏడు పెట్టుకోలేదు. నిరుడు గుమ్మంలో నిలబడి విన్నాను, ఆ ఖాళీ ఎంతసేపుంటుందో చూద్దామని."

నేను అంజూరం చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

"ఈసారి పేలుస్తానన్నాడు రాదుల్. ఈ నల్లబట్ట నాతోనే పోతుందనుకో. చప్పుడు మాత్రం వింటాను."

అక్కడే, అప్పుడే చెప్పవలసింది. కోటు ఆరింది. వేసుకుని వచ్చేశాను. దారికని జేబు నిండా అంజూరాలు పోసింది.

డిసెంబరు 14

"చెప్పావా?"

"లేదు."

స్టానా ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

డిసెంబరు 22

ఇవాళ కొలిమి వెలిగించి, లేత్ యంత్రం దగ్గర కూర్చుని, రాదుల్ తుపాకీకి మొదటినుంచీ మరో జత సూదులు చేశాను. చేతులు చేస్తూంటే మనసుకు గుర్తు రావచ్చుననుకున్నాను. చేతులు బాగానే చేశాయి. ఎడమదానికి వెంట్రుకంత లావు ఉంచడం కూడా మరిచిపోలేదు. నాకు మాత్రం ఏదీ గుర్తుకు రాలేదు. ఇప్పుడు నా దగ్గర రెండు జతలున్నాయి, తెలిసింది మాత్రం ఏమీ లేదు.

ఒకటి తెలిసింది. ఎడమ సూది చేసేటప్పుడు పళ్లు బిగించి ఊపిరి ఆపుతాను. ఇది ముప్పై ఏళ్లుగా నాకు తెలియదు. స్టానాకు తెలుసట.

డిసెంబరు 29

అతని చేతులు గుర్తుకొస్తున్నాయి. కాంక్రీటు తిని గరుకుగా మారిన వేళ్లు. తుపాకీ అందుకునే ముందు వాటిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

జనవరి 2

ఫోను చేశాను. చెప్పడానికే చేశాను. వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను.

"మేస్త్రీ! నూరేళ్లు మీకు! ఇప్పుడే అమ్మ మీ గురించే అంటోంది, అంజూరాలు తిన్నాడో, దారిలో పారేశాడో అడగమంది."

"తిన్నాను."

"తిన్నాడటే అమ్మా! చెప్పండి మేస్త్రీ, ఏంటి సంగతి?"

"కొత్త సంవత్సరం కదా, శుభాకాంక్షలు చెబుదామని."

"మీకూ! మీ ఇంట్లోవాళ్లకూ!"

తర్వాత చాలాసేపు ఫోను చేతిలోనే ఉంచుకున్నాను. నేను పిరికివాణ్ణి కాను. పరువు కాపాడడం వేరు, పిరికితనం వేరు. అతని పరువు కాపాడుతున్నాను.

జనవరి 3

అతని పరువే.

జనవరి 5

మంచు పడుతోంది. చేవో దారి మూసేస్తారేమోనని రేడియోలో చెబుతున్నారు. మూసేస్తే నేను వెళ్లలేను. వెళ్లలేకపోతే అది నా తప్పు కాదు.

పైది రాశాక మళ్లీ చదివాను.

జనవరి 7

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడి దారి మూశారా అని మూడోసారి అడిగినప్పుడు స్టానా కారు తాళాలు తీసుకుంది.

"పద. నేను నడుపుతాను. నువ్వు నడిపితే ప్రతి మలుపులో వెనక్కి తిప్పుతావు."

దారి తెరిచే ఉంది. సూర్యుడు కొండ దిగేలోపు చేరాం. రాదుల్ ఇంట్లో పండగ ఆనవాయితీగా నేల మీద గడ్డి పరిచారు. ఓక్ దుంగలు బయట గోడకు ఆనించి ఉన్నాయి. తుపాకీ గోడ మీద లేదు. రాదుల్ ఒళ్లో పెట్టుకుని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. పక్కనే కిటికీ గట్టు మీద రెండు తూటాలు నిలబెట్టి ఉన్నాయి. మూలన అతని బాబాయ్ మితార్ కూర్చుని ఉన్నాడు. భార్య పోయాక పక్కిల్లు తాళం వేసి వీళ్లతోనే తింటున్నాడు. అతని పాత తుపాకీని కూడా పదేళ్ల కిందట గోడకు నేనే సిద్ధం చేశాను.

"మేస్త్రీ! పండగ పూట మా గడప తొక్కారు, అదృష్టం మాది! అమ్మా, పీట వెయ్యి. అమ్మగారూ, లోపలికి రండి."

"రాదుల్, అందులో తూటా పెట్టొద్దు."

"ఇంకా పెట్టలేదు. కూర్చోండి ముందు."

"కూర్చోను. కూర్చుంటే చెప్పలేను."

నిలబడే చెప్పాను. గొట్టం గోడ లోపల పల్చబడిపోయిందని చెప్పాను. పేలిస్తే ఎడమ చెయ్యి పోతుందని, కన్ను కూడా పోవచ్చని చెప్పాను. అది పేలకుండా పొట్టి సూదులు పెట్టాలనుకున్నానని, పెట్టానో లేదో నాకే తెలియదని, ఆ సంగతి తెలిసి చాలా రోజులైందని చెప్పాను. అతన్ని అడగలేదని కూడా చెప్పాను.

రాదుల్ తుపాకీని బల్ల మీద నా ముందు పెట్టాడు. అంతే.

పనిముట్ల సంచి విప్పాను. మరలు తీసి, లోపలి ముక్క విప్పి, సూదులు రెండూ అరచేతిలోకి జార్చుకున్నాను. కిటికీ వెలుగుకు పట్టి చూశాను.

పొట్టివి. ఎడమది వెంట్రుకంత లావు.

"పొట్టివే!" అన్నాను. "పొట్టివే! పెట్టాను! రెండు జతలు చేశాను!" నాకు నవ్వొచ్చింది. పెద్దగానే నవ్వాను. గదిలో నవ్విన మనిషిని నేనొక్కణ్ణే.

రాదుల్ ఆ సూదుల వైపే చూస్తున్నాడు.

"అంటే ఇది పేలదు."

"పేలదు. నీకేమీ కాదు."

"ఇందాక నువ్వు రాకపోతే నేను గుమ్మంలోకి వెళ్లేవాణ్ణి. కొండ కొండంతా వింటూ ఉండేది. ఈసారి వీళ్లు పేలుస్తారట అని అందరికీ తెలుసు. అమ్మ నా వెనకే నిలబడి ఉండేది. అప్పుడు నేను నొక్కితే?"

నేను సూదులను బల్ల మీద పెట్టాను.

"చెప్పు. ఏమయ్యేది?"

"టక్కుమనేది."

"రెండోది?"

"అదీ అంతే."

"మా తమ్ముడు పోయాక మొదటిసారి. టక్కు, టక్కు." గుడ్డను మడిచి బల్ల మీద పెట్టాడు. "చెయ్యి పోతుందని పరిగెత్తుకొచ్చావు, సరే. ఇవి పొట్టివేనని నీకు ఖాయంగా తెలిసి ఉంటే వచ్చేవాడివా?"

ఇన్ని రోజులూ లోపల పొట్టివే ఉండాలని దేవుణ్ణి మొక్కాను. ఉంటే ఏమవుతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. వచ్చేవాణ్ణి కాదు. ఇంట్లో కూర్చుని చేపల పులుసు తినేవాణ్ణి. ఆ మాట పైకి అనలేదు, అతనికి అక్కర్లేదు కూడా.

మూలనుంచి మితార్ దగ్గాడు.

"నాదీ పేలదు."

రాదుల్ అటు తిరిగాడు. "ఏంటి బాబాయ్?"

"నా తుపాకీరా. ఈయనే చంపాడు. తెచ్చుకున్న నెలకే తెలిసింది. మీ పిన్నితో గొడవపడి, బెదిరిద్దామని పెరట్లోకెళ్లి గాల్లోకి నొక్కాను. టక్కుమంది. అది చచ్చేదాకా ఆ ముక్క పట్టుకుని నవ్వింది. చర్చిలో కూడా నవ్వింది."

"మరి నాకెందుకు చెప్పలేదు? ఇదే మేస్త్రీ దగ్గరికి వెళ్లమన్నది నువ్వే కదా!"

"పని బాగా చేస్తాడు కాబట్టి వెళ్లమన్నాను. ఇలాంటివి పైకి చెప్పుకుంటారా ఎవరైనా?"

స్టానా తల తిప్పుకుంది. నవ్వుతో ఆమె భుజాలు కదలడం నాకు కనిపించింది.

ఇకోనియా అప్పటిదాకా పొయ్యి దగ్గరే ఉంది. నడుముకు కట్టుకున్న గుడ్డకు చేతులు తుడుచుకుని ముందుకు వచ్చింది.

"మీ మగాళ్ల తుపాకుల్లో ఏది చచ్చిందో ఏది బతికిందో తర్వాత తేల్చుకోండి. వెలుతురు పోతోంది. రాదుల్, బీరువాలో నీ వేట తుపాకీ ఉంది కదా?"

"అది మొన్న కొన్నదమ్మా. తాతది కాదు."

"ఎవడిదైతే నాకేంట్రా? నాకు చప్పుడు కావాలి."

రాదుల్ లోపలికి వెళ్లి తన తుపాకీ తెచ్చాడు. ప్లాస్టిక్ పిడి ఉన్న మామూలు తుపాకీ. గుమ్మంలోకి వెళ్లాడు. ఇకోనియా అతని వెనక నిలబడింది. మేమందరం ఆమె వెనక నిలబడ్డాం. మంచు ఆగింది. ఎదురు కొండ మీద పేలింది. కాసేపటికి కింద చర్చి పక్కన పేలింది.

మా వంతు.

ఖాళీ. ఆమె చెప్పిన ఖాళీ అదే. నేనూ విన్నాను. అది పొడుగ్గా ఉంది.

రాదుల్ పేల్చాడు. లోయ ఆ చప్పుడును తీసుకుని అటువైపు కొండకు కొట్టి వెనక్కి ఇచ్చింది. ఎదురు కొండ మీద, వాళ్ల వంతు కాకపోయినా, వెంటనే మళ్లీ పేలింది. కిందనుంచి ఎవరో పెద్దగా కేక వేశారు. ఏమన్నారో తెలియలేదు.

"ఇంకోటి," అంది ఇకోనియా.

పేల్చాడు. తుపాకీ తెరిచి, జేబులోంచి మళ్లీ తూటాలు తీసి పెట్టాడు.

"ఇంకోటి."

ఆమె చెవులు మూసుకోలేదు, ఉలిక్కిపడలేదు. కొడుకు భుజం మీద చెయ్యి వేసి, చీకటి పడుతున్న లోయ వైపు చూస్తూ నిలబడింది.

"ఇంకోటి, రాదుల్."

జనవరి 8

రాయడం మరిచిపోయాను. ఆ రాత్రి మమ్మల్ని పోనివ్వలేదు. పండగ సాయంత్రం గడప తొక్కినవాణ్ణి ఎవరూ పంపరు, ఎంత కోపమున్నా సరే. రాదుల్ నా వైపు చూడలేదు. నా గ్లాసు మాత్రం ఖాళీ కానివ్వలేదు.

తుపాకీని నేను విప్పినట్టే బల్ల మీద వదిలి వచ్చాను. మళ్లీ బిగించమని అతను అనలేదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

జనవరి 11

రాదుల్ వచ్చాడు. ముక్కలన్నీ అదే దుప్పటిలో. సూదులు రెండూ అగ్గిపెట్టెలో. బల్ల మీద పెట్టి, కోటు విప్పకుండానే నిలబడ్డాడు.

"పాత సూదులున్నాయా?"

"లేవు. పొడి చేశాను."

"ఆ పొడి?"

"ఊడ్చేశాను."

సానచక్రం కింద నేలను కాసేపు చూశాడు. శుభ్రంగా ఉంది. రోజూ ఊడుస్తాను.

"అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు," అన్నాడు. "అది నీకు తెలుసు."

"తెలుసు."

"దండెత్తి వచ్చినవాళ్లు ఇళ్లిళ్లూ వెతికినప్పుడు మా తాత దీన్ని గడ్డిలో దాచాడు. ఇవ్వలేదు. కొట్టారు, అయినా ఇవ్వలేదు."

"అడగాల్సింది," అన్నాను. "నువ్వు ఒప్పుకోకపోతే దుప్పటిలో చుట్టి వెనక్కి ఇచ్చేయాల్సింది."

అతను పీట లాక్కుని కూర్చున్నాడు.

"నా ముందు చెయ్యి. ఏది ఎక్కడ పెడుతున్నావో చూపించు."

చూపించాను. ఒక్కో ముక్కా పేరు చెప్పి, అది ఏం చేస్తుందో చెప్పి, అతని చేతికిచ్చి, మళ్లీ తీసుకుని అమర్చాను. గొట్టం లోపల దీపం పెట్టి, తుప్పు తిన్న చోటు చూపించాను. చాలాసేపు చూశాడు. "ఇంత పల్చనా," అన్నాడు. మామూలుగా పూటలో అయ్యే పనికి ఇవాళ రోజంతా పట్టింది. అలసిపోయాను, సరిగ్గా రాయలేకపోతున్నాను.

కుడి సూది పెట్టాను. ఎడమది అందుకున్నప్పుడు అతను టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నేను పళ్లు బిగించి ఊపిరి ఆపి ఎడమది పెట్టాను.

చివరి మర మిగిలింది. ఆ పని నేను ఎవరి చేతికీ ఇవ్వను. మర తల మీద గీత పడితే పని అంతా చెడినట్టే అనేవాడు మా నాన్న. మరలు బిగించే సాధనాన్ని రాదుల్‌కు ఇచ్చాను.

అతను బిగించాడు. కాంక్రీటు పనివాడి బలంతో బిగించాడు. సాధనం జారింది, మర తల మీద తెల్లటి గీత పడింది. ఇద్దరం చూశాం.

"పాడు చేశానా మేస్త్రీ?"

"లేదు," అన్నాను.

దుప్పటిలో చుట్టి ఇచ్చాను. ఆ గీతను సరిచేయలేదు.